దారి ముచ్చట్లు: కృష్ణ ఒడ్డు వెంట తిండి, కల్లు, కారు

(నల్లగొండ, పాలమూరు రోడ్ల మీద ముప్పై ఒక్క ఏళ్లు బస్సు నడిపి, ఇప్పుడు నల్లగొండలో ఇంటి పట్టున ఉంటున్న డ్రైవర్‌గారు పాఠకుల ప్రశ్నలకు ఇచ్చే జవాబులు)

ప్రశ్న: సెలవులు వస్తే చాలు, మా పిల్లలు బీచ్ అంటారు. సూర్యలంక పోయి రావడానికే రెండు రోజులు అవుతోంది, తిరిగినట్టే ఉండదు. మన దగ్గరే నీళ్లు చూస్తూ, మంచిగా తింటూ, సొంత కారులో రెండు రోజులు తిరిగే దారి ఉంటే చెప్పండన్నా. (ఒక గృహిణి, వనస్థలిపురం)

జవాబు: అక్కా, మనకు సముద్రం లేదు గానీ కృష్ణ ఉంది. తంగడి దగ్గర భీమను కలుపుకొని నారాయణపేట జిల్లాలోకి వస్తుంది. జూరాల, బీచుపల్లి, సోమశిల, సాగర్, వాడపల్లి, మట్టపల్లి... మన దక్షిణపు అంచంతా దాని ఒడ్డే. ఒక్క మాట మాత్రం ముందే చెప్తున్నా. ఈ ఒడ్డున ఎక్కడా పిల్లల్ని నీళ్లలోకి దిగనియ్యకండి. బీచ్‌లో లోతు మెల్లమెల్లగా తెలుస్తుంది. ప్రాజెక్టు నీళ్లలో రెండో అడుగుకే కాలికి నేల తగలదు.

పొద్దున ఐదున్నరకు ఇల్లు వదలండి. ఏడున్నర కల్లా జడ్చర్ల. అక్కడ చాయ్ తాగి, ఇడ్లీతో సరిపెట్టుకోండి, కడుపు నింపుకోవద్దు. 44 నంబర్ హైవే మీద కొత్తకోట దాకా పోయి, కుడికి ఆత్మకూరు రోడ్డు పట్టుకుంటే జూరాల వస్తుంది. పది, పదకొండు మధ్య చేరాలి. అంతకంటే ముందు పోతే పొయ్యిలు రాజుకోవు, ఒంటిగంట దాటితే మంచి చేపలు అయిపోతాయి.

జూరాల చేపల గురించి కొంచెం ఎక్కువే చెప్తాను, కోప్పడకండి. డ్యామ్ దగ్గర వరసగా షెడ్లు ఉంటాయి. ముందు చేప చూపించమని అడగండి. బొచ్చె, రవ్వ, వాలుగ, అదృష్టం బాగుంటే కొర్రమట్ట. చేతితో మొప్ప ఎత్తి చూడండి, లోపల ఎర్రగా తడిగా ఉండాలి. ఇటుక రంగుకు తిరిగితే అది నిన్నటిది. వేలితో నొక్కితే గుంట పడి అలాగే ఉండిపోతే పక్క షెడ్డుకు నడవండి. తూకం మీ కళ్ల ముందే వేయించండి, శుభ్రం చేయకముందు తూకమా, చేసిన తర్వాతా అన్నది అప్పుడే అడగండి. తగాదాలన్నీ అక్కడే పుడతాయి. ముక్కకు కారం, ఉప్పు, అల్లంవెల్లుల్లి పట్టించి అరగంట పెట్టిన చోట తింటే తేడా నాలుకకే తెలుస్తుంది. హడావుడిగా ఉన్న రోజు అప్పటికప్పుడు మసాలా పూసి నూనెలో వేస్తారు, పైన మాడి లోపల చప్పగా ఉంటుంది. కాబట్టి ఆదివారం పోకండి. జొన్న రొట్టె దొరికితే దాంతోనే తినండి, అన్నం అడగొద్దు. పిల్లలకు వాలుగ, దాంట్లో ముళ్లు తక్కువ. మా ఆవిడ మాత్రం బొచ్చె తలకాయ పులుసు తప్ప ఇంకేదీ చేప కాదంటుంది. ఆ గొడవ మా ఇంట్లో పెళ్లయిన నాటి నుంచి నడుస్తూనే ఉంది.

తిన్నాక డ్యామ్ మీదుగానే గద్వాల దారి. గద్వాలలో కోట, అందులో చెన్నకేశవస్వామి గుడి చూడండి. చీరలు కొనకపోయినా మగ్గం చూడండి. ఒళ్లంతా నూలు, అంచూ కొంగూ పట్టు. ఆ రెండూ కలిసే చోట నేతగాడు పోగులు ఒకదాంట్లో ఒకటి చిక్కించి ఎట్లా నేస్తాడో దగ్గర కూర్చుని చూస్తే, ధర అడిగే ముందు నోరు కాస్త తగ్గుతుంది. ప్రతి ఏడాదీ తిరుమల బ్రహ్మోత్సవాలకు ఏరువాడ జోడు పంచెలు పోయేది ఈ ఊరి నుంచే. రాత్రికి గద్వాలలోనే ఆగండి.

రెండో రోజు పొద్దున్నే టిఫిన్‌కు ఉగ్గాని, మిరపకాయ బజ్జీ. నల్లగొండవాళ్లం మేము దాన్ని మరమరాల ఉప్మా అని వెక్కిరిస్తాం, రెండో ప్లేటు కూడా తింటాం. అక్కడి నుంచి అలంపురం, గంటన్నర లోపే. బాదామి చాళుక్యులు కట్టించిన నవబ్రహ్మ ఆలయాలు తుంగభద్ర ఒడ్డున ఉన్నాయి. పేరుకు బ్రహ్మలు గానీ అన్నీ శివాలయాలే. చాలామంది జోగులాంబ అమ్మవారి దర్శనం చేసుకుని పక్కనే ఉన్న వీటిని చూడకుండా కారెక్కుతారు. స్వర్గబ్రహ్మ ఆలయం చుట్టూ ఒక్కసారి నిదానంగా తిరగండి, పొద్దటి ఎండ గోడల మీద ఏటవాలుగా పడేటప్పుడు బొమ్మలు లేచి వచ్చినట్టుంటాయి. 2009 అక్టోబరు వరదలో కర్నూలుతో పాటు ఈ ఊరూ మునిగింది. ఆ వారం నా బస్సు పెబ్బేరు దాటలేదు.

తిరుగు దారిలో బీచుపల్లిలో ఆంజనేయుడికి దండం పెట్టుకుని, కృష్ణ దాటి, పెబ్బేరు నుంచి కొల్లాపూర్ మీదుగా సోమశిల పోండి. శ్రీశైలం ప్రాజెక్టు వెనక నీళ్లు, చుట్టూ నల్లమల కొండలు. మాల్దీవులు అని ఫోన్లలో తిప్పుతున్నారు గానీ అంత వద్దు, సోమశిల సోమశిలే. పడవ ఎక్కితే ప్రతి ఒక్కరికీ లైఫ్ జాకెట్ ఉండాలి, తాళ్లు కట్టి ఉండాలి. 2007 జనవరిలో అక్కడికి దగ్గర్లోనే మంచాలకట్ట వైపు పడవ మునిగి అరవై మంది దాకా పోయారు. జనం ఎక్కువైతే తర్వాతి పడవకు ఆగండి. నాగర్‌కర్నూల్ మీదుగా ఇల్లు చేరేసరికి రాత్రవుతుంది. మొత్తం ఐదు వందల కిలోమీటర్ల పైనే, కాబట్టి స్టీరింగ్ ఇద్దరు పట్టుకుంటే మంచిది.

ప్రశ్న: పోయిన సంచికలో మీరు "హాలియా దాటాక వేపచెట్టు కింద నాటుకోడి కూర" అని రాశారు. ఇద్దరు పిల్లల్ని, ముసలి అత్తగారిని వేసుకుని పోతే అక్కడ వేపచెట్టు ఉంది, హోటల్ లేదు. బాధ్యత లేదా మీకు? (పేరు రాయని పాఠకుడు, ఎల్బీనగర్)

జవాబు: ఉంది సార్, తప్పు నాదే. నేను తిన్నది ఏడాది కింద. ఆ తల్లి కొడుకు దగ్గరికి పోయిందట, పొయ్యి ఆరిపోయింది. అందుకే ఈ సంచిక నుంచి హోటల్ గుర్తులు రాయడం మానేస్తున్నా. ఊరి పేరు, తినాల్సిన వేళ, ఏం అడగాలో రాస్తా, మిగతాది మీ ముక్కుకే వదిలేస్తా. అత్తగారికి నా తరఫున క్షమాపణ చెప్పండి.

ప్రశ్న: మా అల్లుడు అమెరికా నుంచి వచ్చాడు. ఒక్కసారైనా అసలు కల్లు తాగాలని పట్టుబట్టాడు. నల్లగొండ చుట్టుపక్కల ఎక్కడ తాగించాలి? తాగి కారు నడపొచ్చా? (రిటైర్డ్ టీచర్, మిర్యాలగూడ)

జవాబు: సార్, రెండో ప్రశ్నకు ముందు జవాబు. నడపకూడదు. "కల్లే కదా, మందు కాదు కదా" అనే మాట నేను పోలీసుల ముందు చాలామంది నోట విన్నాను. వంద మిల్లీలీటర్ల రక్తంలో 30 మిల్లీగ్రాములు దాటితే చట్టానికి విస్కీ అయినా కల్లు అయినా ఒకటే. మధ్యాహ్నపు కల్లు రెండు లొట్లు (కల్లు కుండలు) తాగినవాడు ఆ గీత సులువుగా దాటతాడు. తాగని మనిషి ఒకడు వెంట ఉండాలి. మీరు తాగకుండా ఆగితే ఆ మనిషి మీరే.

ఇక ఎక్కడ అంటే, దుకాణానికి పోవద్దు, చెట్టు దగ్గరికి పోండి. సీసాల్లో పోసి అమ్మే కల్లులో మత్తుమందు కలిపే దుర్మార్గం మన జిల్లాల్లో ఉంది, జనం ఆసుపత్రుల పాలైన వార్తలు మీరూ చదివే ఉంటారు. తెల్లారి ఆరు, ఏడు గంటలకు తాటిచెట్లున్న ఊరి బయట నిలబడితే మోకు నడుముకు వేసుకుని గౌడన్న చెట్టు ఎక్కుతూ కనబడతాడు. "అన్నా, మా అల్లుడు దూరం నుంచి వచ్చాడు" అంటే చాలు. లొట్టి దించడం, వడకట్టడం మీ కళ్లతోనే చూడండి. పైన నురుగు, దాంట్లో రెండు చీమలు, ఒక తేనెటీగ, అది అసలుది. అల్లుడు మొహం చిట్లించినా మీరు ధైర్యం చెప్పండి.

గ్లాసు అడగకండి. తాటాకు రేకలో పోయించుకొని దోసిట్లో పట్టుకుని తాగాలి. ఆకు వాసన, కల్లు వాసన కలిసినప్పుడే దాని రుచి. పొద్దటిది తియ్యగా, నాలుక మీద సన్నగా చురుక్కుమంటుంది. ఎండ ఎక్కేకొద్దీ పులుస్తుంది. సాయంత్రానికి పుల్లగా, గట్టిగా అవుతుంది. కొత్తవాళ్లకు పొద్దటిదే, అదీ ఒక్క రేక. తాటి కల్లుకు చలి తగ్గినప్పటి నుంచి ఎండాకాలం దాకా మంచి రోజులు. మిగతా కాలంలో ఈత కల్లు అడగండి, అది ఇంకా తేలిక. అసలు మత్తే వద్దనుకుంటే నీరా ఉంది. లొట్టి లోపల సున్నం పూసి కడితే రసం పులవదు, అదే నీరా. దాన్ని ఇంట్లో పెద్దవాళ్లకు కూడా ఇవ్వొచ్చు.

నంజుకోవడానికి బొబ్బెర గుడాలు ఇంట్లోనే ఉడికించి ఉల్లిగడ్డ, పచ్చిమిర్చి వేసి డబ్బాలో తీసుకుపోండి. ఆ గౌడన్నకు కూడా పెట్టండి. రోజుకు ఎన్నిసార్లు చెట్టు ఎక్కుతాడో, ఎన్ని చెట్లు ఎక్కుతాడో మీ అల్లుణ్ణి అడగమనండి. జవాబు విన్నాక అల్లుడే డబ్బులు అడిగినదానికి పది ఎక్కువ ఇస్తాడు.

ప్రశ్న: సాగర్ గేట్లు ఎప్పుడు ఎత్తుతారో ముందే తెలుసుకోవడం ఎట్లా బాబాయ్? రెండేళ్లుగా పోతున్నాం, రెండుసార్లూ మూసే ఉన్నాయి. (ఇంజనీరింగ్ విద్యార్థి, ఇబ్రహీంపట్నం)

జవాబు: తమ్ముడూ, తేదీ ఎవరూ చెప్పలేరు, కొన్నేళ్లు అసలే ఎత్తరు. ప్రాజెక్టులు పూర్తిగా నిండే నీటిమట్టాలు, మూడు అంకెలు రాసి పెట్టుకో. జూరాల 1045 అడుగులు, శ్రీశైలం 885, సాగర్ 590. పైనుంచి కర్ణాటక డ్యాములు ఆల్మట్టి, నారాయణపూర్ నీళ్లు వదిలితే ముందు జూరాల నిండుతుంది, తర్వాత శ్రీశైలం, ఆఖరుకు సాగర్. పేపర్లో శ్రీశైలం గేట్లు ఎత్తారని, సాగర్ 585 దాటిందని ఒకే రోజు చదివితే బైక్‌లో పెట్రోలు పోయించుకో. ఎక్కువగా ఆగస్టు, సెప్టెంబరుల్లోనే.

26 గేట్లు. అన్నీ ఒకేసారి ఎత్తిన రోజు నీటి తుంపర కింది వంతెన దాకా వచ్చి అద్దాల మీద వాన పడ్డట్టు పడుతుంది, వైపర్లు వేసి నడిపేవాణ్ణి. 1955 డిసెంబర్ 10న నెహ్రూ శంకుస్థాపన చేసినప్పుడు మా నాయన పదిహేనేళ్ల పిల్లగాడు, తర్వాత అక్కడే రాళ్లు మోశాడు. రాతికట్టడం కదా, వేలమంది భుజాల మీద లేచింది. 1967లో కాలువలకు నీళ్లు వదిలారు. బస్సు సాగర్ చేరిన ప్రతిసారీ ఆయన గుర్తొచ్చేవాడు, కానీ అక్కడ హాల్ట్ పది నిమిషాలే.

ఆదివారం పోకు. వారం మధ్యలో, పొద్దున ఎనిమిదిలోపు చేరు. నాగార్జునకొండకు లాంచీలో పోవాలంటే శుక్రవారం వద్దు, మ్యూజియానికి సెలవు. సాగర్‌లోనే బౌద్ధ థీమ్ పార్కు బుద్ధవనం 2022లో తెరిచారు, ఎండ తగ్గాక నడవడానికి బాగుంటుంది. ఎత్తిపోతల జలపాతం అవతలి ఒడ్డున, ఆంధ్రలో ఉంది. వానలు పడ్డ వారమైతే అక్కడిదాకా పో, లేకపోతే సన్నని ధార చూసి నన్ను తిడతావు.

ప్రశ్న: ఆఫీసు అయ్యాక శుక్రవారం రాత్రి బయలుదేరి శ్రీశైలం చేరాలని మా ప్లాన్. దారిలో పులులు కనబడతాయా? (ఐదుగురు మిత్రులు, మాదాపూర్)

జవాబు: కనబడవు, ఎందుకంటే మిమ్మల్ని మన్ననూరు గేటు దగ్గరే ఆపేస్తారు. అమ్రాబాద్ పులుల అడవిలో రాత్రి తొమ్మిది నుంచి పొద్దున ఆరు దాకా బండ్లను పోనివ్వరు. తొమ్మిది దాటాక గేటు ముందు బతిమాలే కార్ల వరస నేను ఏళ్ల తరబడి చూశాను, ఒక్కటీ లోపలికి పోలేదు. శుక్రవారం అచ్చంపేటలో పడుకోండి. పొద్దున్నే ఉమామహేశ్వరం చూసుకుని, ఆరు దాటాక అడవిలోకి పోండి. వటవర్లపల్లి దగ్గర పక్కకు తిరిగితే మల్లెలతీర్థం జలపాతం. మెట్లు మూడు వందల పైనే, దిగేటప్పుడు అందరూ నవ్వుతారు.

కోతులకు ఏమీ వేయకండి. మీరు కారు ఆపి విసిరే అరటిపండు కోసమే అవి రోడ్డు మీద కూర్చుంటాయి, తర్వాత వచ్చే బస్సు కింద పడతాయి. నేను రెండుసార్లు సడెన్ బ్రేక్ వేశాను. ఒకసారి వెనక సీటు ముసలామెకు నుదురు పగిలింది.

ప్రశ్న: నల్లగొండ వస్తున్నాం. అక్కడి నీళ్లలో ఫ్లోరైడ్ అంటారు కదా, తాగొచ్చా? హోటళ్లలో చాయ్ కూడా తాగడానికి భయంగా ఉంది. (సాఫ్ట్‌వేర్ ఉద్యోగి, హైదరాబాద్)

జవాబు: మేడమ్, మీ ఇంట్లో నల్లాకు కృష్ణ నీళ్లు వస్తుంటే అవి వచ్చేది మా జిల్లా అక్కంపల్లి రిజర్వాయర్ నుంచే. భయపడాల్సింది ఉంటే మనిద్దరం కలిసే భయపడాలి.

నవ్వులాట పక్కన పెడితే, మా బాధ నిజమే. మర్రిగూడ, మునుగోడు, నాంపల్లి, చండూరు వైపు బోరు నీళ్లు తాగి నడుములు వంగిపోయిన మనుషుల్ని నేను బస్సు ఎక్కించాను. మెట్టు మీద కాలు పెట్టలేక నిలబడితే కండక్టర్ దిగి ఎత్తి కూర్చోబెట్టేవాడు. మా పెద్దక్క పళ్ల మీద గోధుమరంగు చారలు ఇప్పటికీ ఉన్నాయి, ఫోటో తీస్తే నోరు మూసుకుంటుంది. నేలలో ఉన్న రాయి నుంచే ఫ్లోరైడ్ నీళ్లలోకి దిగుతుంది. లీటరుకు ఒకటిన్నర మిల్లీగ్రాములు దాటిన నీళ్లు ఏళ్ల తరబడి తాగితే పళ్లకు, ఎముకలకు పడుతుంది. మరిగిస్తే పోదు, పైగా చిక్కబడుతుంది. పటిక, సున్నం, బ్లీచింగ్ పౌడర్‌తో దాన్ని తీసే పద్ధతికి నాగ్‌పూర్ సైంటిస్టులు "నల్లగొండ టెక్నిక్" అని పేరు పెట్టారు. ఊరి పేరు ప్రపంచానికి తెలిసింది, ఇట్లా తెలిసింది.

ఇప్పుడు ఊళ్లకు పైపుల్లో నది నీళ్లు వస్తున్నాయి, మిషన్ భగీరథకు మొదటి పైలాన్ మా చౌటుప్పల్‌లోనే లేచింది. రెండు రోజులు తిరిగేవాళ్లకు, చాయ్ తాగేవాళ్లకు ఏ నష్టమూ లేదు. నిశ్చింతగా తాగండి. పొలం దగ్గర బోరు నీళ్లు చల్లగా ఉన్నాయని సీసాలు నింపుకోవడం మాత్రం వద్దు. ఇంకా దప్పికైతే బత్తాయి రసం ఉంది, బత్తాయికి మా జిల్లాను మించింది లేదు. చక్కెర వేయొద్దని, ఐసు వేయొద్దని రెండు మాటలూ ముందే చెప్పండి.

ప్రశ్న: అమ్మానాన్న శాకాహారులు. మీరు ఎప్పుడూ చేప, కోడి అనే రాస్తారు. వాళ్లకు ఏం తినిపించాలి? (ఒక కూతురు, సూర్యాపేట)

జవాబు: నిజమే బిడ్డా, నాకు ముక్క లేనిదే ముద్ద దిగదు, అది నా రాతల్లో పడుతోంది. పెద్దవాళ్లకు జొన్న రొట్టె, పచ్చిపులుసు, పుంటికూర పప్పు, పల్లీల తొక్కు చెప్పండి. రొట్టె వేడిగా ఉన్నప్పుడే తినాలి, ఆరితే పెద్దవాళ్ల పళ్లకు కష్టం. సర్వపిండి హోటళ్లలో తక్కువ. ఎవరి ఇంట్లోనైనా చేస్తుంటే సిగ్గుపడకుండా అడగండి. గిన్నె అడుగున ఎర్రగా మాడిన భాగం నాన్నగారికి పెట్టండి.

చూడటానికి దూరం పోనక్కర్లేదు. నల్లగొండ పక్కనే పానగల్లులో ఛాయా సోమేశ్వరాలయం ఉంది. పగలంతా గర్భగుడిలో శివుడి వెనక ఒక స్తంభం నీడ కదలకుండా నిలబడి ఉంటుంది. ఆ నీడ ఏ స్తంభానిదో కనిపెట్టమని మీ నాన్నగారికి పందెం వేయండి. నేను నలభై ఏళ్లుగా ఓడిపోతున్నా. అక్కడి నుంచి వాడపల్లికి పోతే మూసీ కృష్ణలో కలిసే చోటు కనబడుతుంది.

ప్రశ్న: బాలానగర్ దగ్గర రోడ్డు మీద సీతాఫలాలు కొంటే సగం రాయిలా ఉండిపోతున్నాయి, సగం కుళ్లిపోతున్నాయి. (శంషాబాద్)

జవాబు: మీరు రంగు చూసి కొంటున్నారు. కళ్లు చూసి కొనండి. కన్నుకూ కన్నుకూ మధ్య గీత వెడల్పై, తెల్లగా పసుపుగా విచ్చుకుని ఉంటే అది రెండు రోజుల్లో పండుతుంది. కళ్లు బిగిసి, గీతలు పచ్చగా దగ్గరదగ్గరగా ఉన్నది ఎన్ని రోజులు బియ్యంలో పెట్టినా పండదు, నల్లబడుతుంది. గంప పైవరస చూసి మోసపోకండి, కింద చేయి పెట్టి తీయండి. అమ్మే ఆమె తిడుతుంది, తిట్టనివ్వండి. తోటల పుస్తకాల్లో "బాలానగర్" అనేది ఒక సీతాఫలం రకానికే పేరు, అంత పేరున్న ఊళ్లో రాళ్లు కొనుక్కొస్తే ఎట్లా? దసరా ముందూ వెనకా కొనండి. డిక్కీలో వేయకండి, వేడికి దారిలోనే పగులుతాయి. కాళ్ల దగ్గర పెట్టుకోండి.

ప్రశ్న: పాలమూరు పిల్లలమర్రి బతికే ఉందా? (వనపర్తి)

జవాబు: ఉంది. ఏడు వందల ఏళ్ల చెట్టు, 2017 చివర్లో పెద్ద కొమ్మ విరిగి పడింది. చెద పట్టింది. తర్వాత సెలైన్ సీసాలు కట్టి మందు ఎక్కించారు, ఆసుపత్రి వార్డు లాగా ఉండేది. నిలబడింది. ఊడలు పట్టుకుని ఊగకండి.

ప్రశ్న: మీరు బస్సు నడిపారు, నేను కొత్తగా కారు నేర్చుకున్నాను. హైవే మీద భయం లేదు, లోపలి రోడ్ల మీదే టెన్షన్. దేనికి జాగ్రత్త పడాలి? (బ్యాంకు ఉద్యోగిని, నల్లగొండ)

జవాబు: అమ్మా, నీ టెన్షన్ సరైనదే. గొర్రెల మంద వస్తే హారన్ కొట్టకు, ఇంజన్ ఆపి కూర్చో, కాపరి అదిలించుకుంటాడు. హారన్ కొడితే అవి రోడ్డు మధ్యకే దూకుతాయి. నవంబరు నుంచి పత్తి బండ్లు ట్రాక్టరు వెడల్పుకు రెండింతలు ఉంటాయి, వెనక లైటు ఉండదు. వీటన్నిటికంటే వడ్లకు భయపడు.

నాలుగేళ్ల కింద యాసంగి కోతలప్పుడు, మిర్యాలగూడ వైపు నుంచి ఇంటికి వస్తున్నా. రాత్రి ఎనిమిదిన్నర. మా ఆవిడ పక్కన ఉంది, పెళ్లిభోజనం తిన్న మత్తులో ఉన్నాం. ముప్పై ఏళ్లలో బస్సుకు గీత పడనియ్యని మొనగాణ్ణి నేను. ఎదురుగా లారీ హైబీమ్ కొట్టాడు, నేను ఎడమకు జరిగా. రోడ్డు సగం మేర వడ్లు పోసి, నల్ల పరదా కప్పి, గాలికి ఎగరకుండా చుట్టూ బండరాళ్లు పెట్టారు. నల్ల తారు మీద నల్ల పరదా, చీకట్లో ఏం కనబడుతుంది? కింద డబ్బుమని చప్పుడు, రెండు ఫర్లాంగులు పోయేసరికి స్టీరింగ్ ముందు ఎర్ర లైటు. ఇంజన్ కింది ఆయిల్ ఛాంబర్ పగిలి ఆయిల్ అంతా రోడ్డు పాలైంది.

తిట్టుకుంటూ వెనక్కి నడిచిపోతే టార్చి పట్టుకుని రైతు ఎదురొచ్చాడు. నేను నోరు తెరిచేలోపే "కొనుగోలు కేంద్రంలో తేమ 17 శాతం దాటితే వడ్లు తీసుకోరు అన్నా, కల్లాలు లేవు, ఏడ ఆరబోయాలె?" అన్నాడు. ఆయనది రెండున్నర ఎకరాలు. మెకానిక్ వచ్చేదాకా మమ్మల్ని తన మంచం మీదే కూర్చోబెట్టాడు, వాళ్లింటి నుంచి చాయ్ తెప్పించాడు. రిపేరు ఖర్చు అడగాలని అనుకున్నవాణ్ణి, చీకట్లో కనబడేలా ఆ రాళ్ల మీద తెల్ల సంచులు కప్పించి వచ్చాను. తప్పు ఆయనదా నాదా అంటే, స్పీడు నాది.

అందుకని ఏప్రిల్, మే నెలల్లోనూ, దీపావళి తర్వాతా, చీకటి పడ్డాక లోపలి రోడ్ల మీద నలభై దాటకు. ఎదురు లైటు కొట్టినప్పుడు ఎడమకు జరగకు, బ్రేక్ వేసి ఆగు.

ప్రశ్న: లారీలు ఆగే చోట తిండి బాగుంటుంది అంటారు. నిజమేనా డ్రైవర్ సాబ్? (కోదాడ)

జవాబు: లారీలు ఆగేది బండి పెట్టుకోవడానికి జాగా, పడుకోవడానికి మంచం, స్నానానికి నీళ్లు ఉన్న చోట. బస్సులు ఆగేది డ్రైవర్‌కు, కండక్టర్‌కు అన్నం ఫ్రీగా పెట్టే చోట. నేనూ తిన్నాను, అబద్ధం ఎందుకు. మాకు లోపల వేరే గిన్నెలోంచి కూర వచ్చేది, మీకు బయట వేరే గిన్నె. కాబట్టి మమ్మల్ని చూసి ఆగకండి.

కూర్చునే ముందు "ఇవాళ ఏం కోశారు?" అని అడగండి. వెంటనే ఒకటి రెండు పేర్లు చెప్తే కూర్చోండి. కోడి, మేక, చేప, రొయ్య, బోటి, తలకాయ అన్నీ ఉన్నాయంటే అవి ఫ్రిజ్‌లో ఉన్నాయి. అన్నం వడ్డించే ముందే ప్లేటు ధర అడగడం మర్చిపోకండి, కూర రెండోసారి వేస్తే లెక్కలోకి వస్తుందా రాదా అనేది కూడా.